చార్లెస్ పార్సన్స్: సొంత డిజైన్‌నే వాడుకోలేకపోయిన ఇంజనీర్.. మన ఇంటి కరెంట్ వెనక ఆయన టర్బైన్!

2024 ఆగస్టులో పాల్వంచలో కేటీపీఎస్ పాత ప్లాంట్‌కు చెందిన ఎనిమిది కూలింగ్ టవర్లను కూల్చేశారు. క్షణాల్లో అవి నేలమట్టమైన వీడియోను చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. ఇంతకీ అంతంత ఎత్తు టవర్లు ఎందుకు? టర్బైన్‌ను తిప్పి బయటికొచ్చిన ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చాలంటే చల్లటి నీళ్లు కావాలి. ఆ నీళ్లను చల్లార్చడమే టవర్ల పని. ఆవిరి నుంచి మారిన నీళ్లు తిరిగి బాయిలర్‌కు వెళ్తాయి. బాయిలర్‌లో మళ్లీ ఆవిరి, ఆవిరితో టర్బైన్, టర్బైన్‌తో పాటే తిరిగే జనరేటర్ నుంచి కరెంట్. థర్మల్ ప్లాంట్ అంటే టూకీగా ఇదే.

ఈ గొలుసులో గుండెకాయ లాంటిది టర్బైన్. దాన్ని పనికొచ్చే యంత్రంగా మార్చి చూపించిన వ్యక్తి సర్ చార్లెస్ పార్సన్స్. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు పార్సన్స్ టర్బైన్ పేరు కొత్తేమీ కాదు. కానీ ఆ పేరు వెనక ఉన్న మనిషి తన డిజైన్ మీద తనే హక్కు పోగొట్టుకున్నాడని, దాన్ని మళ్లీ దక్కించుకోవడానికి ఏళ్లు ఆగాడని చాలామందికి తెలియదు.

కోటలో పెరిగిన మెకానిక్

పార్సన్స్ 1854 జూన్ 13న లండన్‌లో పుట్టారు. పెరిగింది మాత్రం ఐర్లాండ్‌లోని బిర్ కోటలో. తండ్రి విలియం పార్సన్స్ పెద్ద జమీందారీ వంశస్థుడు, ఎర్ల్ ఆఫ్ రాస్. అంతకుమించి ఖగోళ శాస్త్రవేత్త. 1845లో ఆయన కోట ఆవరణలోనే కట్టిన టెలిస్కోప్ అద్దం వ్యాసం 6 అడుగులు. 1917 దాకా ప్రపంచంలో అదే అతిపెద్ద టెలిస్కోప్. తల్లి మేరీ కూడా తక్కువేం కాదు. ఫొటోగ్రఫీ కొత్తగా వస్తున్న రోజుల్లోనే అందులో పేరు తెచ్చుకున్నారు.

చార్లెస్ చిన్నప్పుడు స్కూలుకు వెళ్లలేదు. ట్యూటర్లు ఇంటికే వచ్చి చదువు చెప్పారు. మిగతా టైమంతా తండ్రి వర్క్‌షాప్‌లోనే. లోహం కరిగించడం, లేత్ మీద పని చేయడం అక్కడే ఒంటబట్టాయి.

15 ఏళ్ల వయసులో కళ్లముందే ఘోరం

1869 ఆగస్టు 31. పార్సన్స్ కుటుంబం సొంతంగా తయారు చేసుకున్న ఆవిరి బండి రోడ్డెక్కింది. దాని మీద చార్లెస్, ఆయన అన్న, ట్యూటర్ ఉన్నారు. వాళ్లతో పాటు బంధువు మేరీ వార్డ్, ఆమె భర్త కూడా ఉన్నారు. మేరీ వార్డ్ మైక్రోస్కోప్‌పై పుస్తకాలు రాసిన మహిళ. మలుపు దగ్గర బండి ఒక్కసారిగా కుదిపింది. ఆమె కిందపడిపోయారు. చక్రం మీద నుంచి వెళ్లింది. ఆమె వయసు 42.

ప్రపంచంలో మోటారు వాహనం కింద పడి చనిపోయిన తొలి వ్యక్తుల్లో ఒకరిగా ఆమె పేరు చరిత్రలో ఉండిపోయింది. విచారణలో దీన్ని ప్రమాదంగానే తేల్చారు. అప్పటికి చార్లెస్‌కు 15 ఏళ్లు. ఆవిరికి ఎంత బలం ఉందో, అదుపు తప్పితే ఏం జరుగుతుందో ఆ వయసులోనే కళ్లారా చూశారు. అయినా ఆవిరిని వదల్లేదు.

డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో, తర్వాత కేంబ్రిడ్జ్‌లో గణితం చదివి 1877లో బయటికొచ్చారు. జమీందారు బిడ్డ కదా, హాయిగా కూర్చుని తినొచ్చు. కానీ ఆయన న్యూకాజిల్‌లోని ఆర్మ్‌స్ట్రాంగ్ ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరారు. 1884లో పక్కనే గేట్స్‌హెడ్‌లో ఉన్న క్లార్క్ చాప్‌మన్ కంపెనీలో జూనియర్ పార్ట్‌నర్ అయ్యారు.

పిస్టన్‌తో అసలు చిక్కేంటి?

అప్పట్లో ఆవిరి ఇంజన్ అంటే పిస్టన్ ఇంజనే. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి సిలిండర్‌లోకి వెళ్లి పిస్టన్‌ను ముందుకు, వెనక్కి నెడుతుంది. ఆ కదలికను క్రాంక్ గుండ్రంగా తిప్పే శక్తిగా మారుస్తుంది. పాత రైలింజన్ చక్రాల పక్కన ముందుకీ వెనక్కీ ఆడే కడ్డీలు చూశారుగా, అదే పద్ధతి.

ఇందులో ఇబ్బంది ఉంది. బరువైన పిస్టన్ ప్రతి సారీ ఆగి, మళ్లీ వెనక్కి కదలాలి. వేగం పెంచితే ఇంజన్ మొత్తం ఊగిపోతుంది. అప్పుడే కరెంట్ దీపాలు వస్తున్నాయి. డైనమోలు వేగంగా, కుదుపు లేకుండా తిరగాలి. పిస్టన్‌తో అది కష్టం.

మరి ఆవిరితో నేరుగా చక్రాన్నే తిప్పేస్తే? ఆలోచన కొత్తది కాదు. కానీ ఎక్కువ పీడనంలో ఉన్న ఆవిరిని ఒక్కసారిగా వదిలితే అది విపరీతమైన వేగంతో దూసుకొస్తుంది. ఆ వేగాన్ని పూర్తిగా వాడుకోవాలంటే చక్రం కూడా అంతే దూకుడుగా తిరగాలి. ఆ రోజుల్లో దొరికే ఇనుము, ఉక్కు దానికి తట్టుకోవు.

ఒక్క దూకు కాదు.. మెట్టు మెట్టుగా

పార్సన్స్ ఆలోచన ఇక్కడే వేరుగా సాగింది. పీడనాన్ని ఒకేసారి ఎందుకు వదలాలి? మేడ మీద నుంచి ఒక్కసారిగా దూకితే కాళ్లు విరుగుతాయి. అదే మెట్లు దిగితే ఏమీ కాదు. ఆవిరిని కూడా అలాగే దించారాయన.

ఒకే షాఫ్ట్ మీద వరుసగా చాలా చక్రాలు. ప్రతి చక్రానికీ చుట్టూ చిన్న చిన్న రెక్కలు. రెండు చక్రాల మధ్య కదలకుండా బిగించిన మరో వరుస రెక్కలు. కదలని రెక్కలు ఆవిరి దిశను సరిచేసి తర్వాతి చక్రం మీదకు పంపుతాయి. ఒక్కో వరుస దాటినప్పుడల్లా పీడనం కొంచెం కొంచెం తగ్గుతుంది. ప్రతి చక్రం తన వాటా శక్తిని తీసుకుంటుంది. ఆవిరి షాఫ్ట్‌ను ఒకే పక్కకు నెట్టేయకుండా మధ్యలోంచి లోపలికి పంపి రెండు వైపులా వెళ్లేలా చేశారు.

1884లో సిద్ధమైన ఆ యంత్రం నిమిషానికి 18,000 సార్లు తిరిగింది. అంత వేగానికి తగిన డైనమో బజారులో లేదు. దాన్ని కూడా ఆయనే తయారు చేసుకున్నారు. వచ్చిన కరెంట్ 7.5 కిలోవాట్లు. అంటే పొలంలో ఒక 10 హెచ్‌పీ మోటారు నడవడానికి సరిపోయేంత. చూడటానికి చిన్నదే. కానీ విద్యుత్ చరిత్ర అక్కడి నుంచే మలుపు తిరిగింది. ఆ తొలి యంత్రం ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియం సేకరణలో ఉంది.

సొంత డిజైన్ చేజారింది

అయితే 1889లో పార్ట్‌నర్లతో కుదరక పార్సన్స్ బయటికొచ్చేశారు. న్యూకాజిల్‌లోని హీటన్‌లో సొంత కంపెనీ పెట్టారు. చిక్కేంటంటే పేటెంట్లు పాత కంపెనీ చేతిలోనే ఉండిపోయాయి. ఆయన కనిపెట్టిన టర్బైన్‌ను ఆయనే తయారు చేయడానికి వీల్లేదు!

చేతులు కట్టుకు కూర్చోలేదు. ఆవిరి షాఫ్ట్ వెంట కాకుండా, మధ్యలోంచి అంచుల వైపు వెళ్లేలా వేరే రకం టర్బైన్ డిజైన్ చేశారు. అది అసలు దానంత అనువైనది కాదు. అయినా దాంతోనే కంపెనీని నిలబెట్టారు. మరోవైపు న్యూకాజిల్‌కు కరెంట్ ఇచ్చే సంస్థను ఏర్పాటు చేశారు. 1890లో మొదలైన ఫోర్త్ బ్యాంక్స్ విద్యుత్ కేంద్రం టర్బైన్లతో జనానికి కరెంట్ ఇచ్చిన తొలి కేంద్రంగా పేరు తెచ్చుకుంది.

చివరికి 1894లో పాత పేటెంట్ల హక్కులు మళ్లీ ఆయన చేతికొచ్చాయి. ఐదేళ్లు పోయాయి. ఇక ఆగలేదు.

ప్రొపెల్లర్ దగ్గర నీళ్లు మరిగాయి!

అదే ఏడాది టర్బినియా అనే బోటు నీళ్లలోకి దిగింది. పొడవు 100 అడుగుల పైచిలుకు, బరువు 44 టన్నులు. టర్బైన్‌తో నడిచే తొలి నౌక. కానీ తొలి పరీక్షల్లో వేగం 20 నాట్స్ కూడా దాటలేదు. టర్బైన్ బాగానే తిరుగుతోంది. మరి లోపం ఎక్కడ?

ప్రొపెల్లర్ దగ్గర. అది మరీ వేగంగా తిరగడంతో రెక్కల వెనక పీడనం పడిపోయి, అక్కడి నీళ్లు చల్లగా ఉన్నా ఆవిరి బుడగలైపోతున్నాయి. ప్రొపెల్లర్ నీళ్లను నెట్టాల్సింది పోయి బుడగల్లో ఊరికే తిరుగుతోంది. ఇంజనీర్లు దీన్నే కావిటేషన్ అంటారు. 1895లో పార్సన్స్ గాజు కిటికీలున్న ఒక చిన్న ట్యాంక్ తయారు చేయించి, మిణుకుమిణుకుమనే వెలుగులో ఆ బుడగలు ఎలా పుడుతున్నాయో కళ్లతో చూశారు.

పరిష్కారం మళ్లీ పాత సూత్రమే. పనిని ముక్కలు చేయడం! ఒక్క టర్బైన్ స్థానంలో మూడు పెట్టారు. ఎక్కువ పీడనం, మధ్యస్థం, తక్కువ పీడనం.. ఆవిరి వరుసగా మూడింటినీ తిప్పుతుంది. మూడు షాఫ్ట్‌లు, ఒక్కోదానికి మూడు చొప్పున మొత్తం తొమ్మిది ప్రొపెల్లర్లు. వేగం 34 నాట్స్ దాటింది. అంటే గంటకు 60 కిలోమీటర్లకు పైనే. ఆ రోజుల్లో నీళ్ల మీద అంత వేగంగా వెళ్లే నౌక మరొకటి లేదు.

పిలవని పేరంటం

1897 జూన్ 26. విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్లు నిండిన సందర్భంగా స్పిట్‌హెడ్ దగ్గర భారీ నౌకాదళ ప్రదర్శన జరిగింది. 150కి పైగా యుద్ధనౌకలు బారులు తీరాయి. ప్రిన్స్ ఆఫ్ వేల్స్, నేవీ పెద్దలు, విదేశీ అతిథులు చూస్తున్నారు. ఇంతలో ఆ వరుసల మధ్యలోంచి టర్బినియా దూసుకెళ్లింది. బోటులో పార్సన్స్ కూడా ఉన్నారు. ఆపడానికి నేవీ గస్తీ పడవలు వెంటపడ్డాయి. ఒక్కటీ దరిదాపుల్లోకి రాలేకపోయింది.

పిలవని పేరంటానికి వెళ్లినా, పని మాత్రం అయింది. నేవీ టర్బైన్ వైపు తిరిగింది. వైపర్, కోబ్రా అనే రెండు వేగవంతమైన డిస్ట్రాయర్లు టర్బైన్లతో వచ్చాయి.

రెండు ఓడలు.. 67 ప్రాణాలు

1901 ఆగస్టులో పొగమంచులో వైపర్ రాళ్లకు గుద్దుకుని పోయింది. అందులోని వాళ్లంతా బయటపడ్డారు. నెల తిరగ్గానే కోబ్రా నార్త్ సీలో రెండుగా విరిగి మునిగిపోయింది. 67 మంది చనిపోయారు. వాళ్లలో పార్సన్స్ కంపెనీ సిబ్బంది కూడా ఉన్నారు. ఆయనతో కలిసి ఏళ్ల తరబడి పని చేసినవాళ్లు.

రెండు ప్రమాదాల్లోనూ టర్బైన్ల తప్పు లేదు. కోబ్రా నిర్మాణమే బలహీనంగా ఉందని విచారణ తేల్చింది. కానీ టర్బైన్ ఓడలంటేనే జనం అనుమానంగా చూసే పరిస్థితి. అయితే అదే ఏడాది టర్బైన్లతో వచ్చిన తొలి ప్రయాణికుల నౌక కింగ్ ఎడ్వర్డ్ స్కాట్లాండ్‌లోని క్లైడ్ తీరంలో ఏ గొడవా లేకుండా రోజూ తిరుగుతూనే ఉంది. ఎవరి వాదనా అవసరం లేకుండా ఆ ఓడే జవాబు చెప్పింది.

1906లో నీళ్లలోకి దిగిన డ్రెడ్‌నాట్ టర్బైన్లతో నడిచిన తొలి భారీ యుద్ధనౌక. ఆ తర్వాత వచ్చిన మారిటానియా అనే ప్రయాణికుల నౌక, అట్లాంటిక్ దాటే వేగంలో 20 ఏళ్ల పాటు రికార్డు తన దగ్గరే ఉంచుకుంది. టైటానిక్‌లోనూ ఈ టర్బైన్ ఉంది. పక్కనున్న రెండు ప్రొపెల్లర్లను పిస్టన్ ఇంజన్లు తిప్పేవి. వాటిలోంచి బయటికొచ్చిన ఆవిరిని వృథాగా పోనివ్వకుండా పార్సన్స్ రకం టర్బైన్‌లోకి పంపి మధ్య ప్రొపెల్లర్‌ను తిప్పారు.

కొడుకు పోయాడు.. పని ఆగలేదు

1911లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1912లో చికాగో విద్యుత్ కేంద్రం కోసం ఆయన కంపెనీ 25,000 కిలోవాట్ల టర్బైన్ తయారు చేసింది. తొలి యంత్రంతో పోలిస్తే 3 వేల రెట్లకు పైగా. అదీ 28 ఏళ్లలోనే.

1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఒక్కగానొక్క కొడుకును తీసుకెళ్లిపోయింది. యుద్ధం తర్వాత భార్య కేథరిన్, కూతురు రేచల్ మరికొందరితో కలిసి 1919లో మహిళా ఇంజనీర్ల కోసం బ్రిటన్‌లో ఒక సొసైటీ పెట్టారు. రేచల్ దానికి తొలి అధ్యక్షురాలు.

పార్సన్స్ గెలవని పని కూడా ఒకటుంది. కృత్రిమ వజ్రాలు చేయాలని ఏళ్ల పాటు ప్రయోగాలు చేశారు. సాధ్యం కాలేదు. చివరి రోజుల్లో మనసు తండ్రి దారికే మళ్లింది. 1925లో టెలిస్కోపులు చేసే గ్రబ్ కంపెనీని కొన్నారు.

1931 ఫిబ్రవరి 11న, 76 ఏళ్ల వయసులో, జమైకాలోని కింగ్‌స్టన్ హార్బర్‌లో ఆగిన ఓడలోనే ఆయన కన్నుమూశారు. ఓడల గమనాన్నే మార్చిన మనిషి ఆఖరి శ్వాస ఓడ మీదే విడిచారు.

టర్బినియా ఇప్పటికీ న్యూకాజిల్ డిస్కవరీ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఇక ఆయన సూత్రం మన దగ్గరే తిరుగుతోంది. రామగుండం, సింహాద్రి ఎన్టీపీసీ ప్లాంట్లలోని ఒక్కో 500 మెగావాట్ల యూనిట్, ఆయన తొలి యంత్రానికి 66 వేల రెట్లు పెద్దది. నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది. బొగ్గు బదులు అణు ఇంధనం వాడే చోట కూడా చివర్లో తిరిగేది ఆవిరి టర్బైనే. లోపల ఆవిరి ఇప్పటికీ ఒక్కసారిగా దూకదు. 1884లో పార్సన్స్ చూపించినట్టే మెట్టు మెట్టుగా దిగుతుంది.