చర్మవ్యాధి మూలం లోపలే ఉందన్న హానిమన్

చెవులు కుట్టించినచోట కండ పెరిగి గోళీకాయంత అయిందనీ, కాలిన పుండు మానినా మచ్చ ఉబ్బి దురద పెడుతోందనీ హోమియో డాక్టరు దగ్గరకు వెళ్లేవారు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. కోయిస్తే మళ్లీ పెరుగుతుందన్న భయమే వారిని అక్కడికి నడిపిస్తుంది. ఇలాంటి మచ్చలకు హోమియో గ్రంథాల్లో ముందుగా కనిపించే మందుల్లో ఒకటి గ్రాఫైటిస్. పెన్సిల్ ములుకులో ఉండే నల్లని పదార్థమే అది. దానిని తీపి మాత్రల్లోకి ఎక్కించిన జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 10ని ప్రపంచ హోమియోపతి దినంగా జరుపుకుంటున్నారు.

హానిమన్ 1755లో సాక్సనీ రాజ్యంలోని మైసెన్ పట్టణంలో జన్మించారు. పింగాణీ పాత్రలకు పేరుపొందిన ఊరది. తండ్రి ఆ పాత్రలపై బొమ్మలు వేసే పనివాడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. కుర్రవాడిని చదువు మాన్పించాలని తండ్రి అనుకుంటే, ఉపాధ్యాయులు జీతం తీసుకోకుండా చదువు చెప్పారు. రాత్రివేళ చదువుకునేందుకు మట్టితో దీపం చేసుకున్నాడని కూడా చెబుతారు. 1775లో లీప్‌జిగ్ వెళ్లి, ఇతరులకు భాషలు నేర్పుతూ, ఇంగ్లీషు పుస్తకాలను జర్మన్‌లోకి అనువదిస్తూ వైద్యం చదివారు. తరువాత వియన్నాలో ఆసుపత్రి పని నేర్చుకున్నారు. 1779లో ఎర్లాంగెన్‌లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు.

1782లో యోహన్నా హెన్రియెట్టాను పెళ్లాడారు. ఆమె మందులు తయారుచేసి అమ్మేవారి ఇంటి పిల్ల. తరువాతి జీవితమంతా ఆయన పోట్లాడింది ఆ వృత్తివారితోనే కావడం విచిత్రం. పదకొండు మంది సంతానం. నాటి వైద్యం అంటే నెత్తురు తీయడం, వాంతులు చేయించడం, పాదరసం మింగించడం. రోగి జబ్బుతో పోతున్నాడో, మందుతో పోతున్నాడో తెలియని రోజులు. అటువంటి వైద్యం చేయలేక హానిమన్ ప్రాక్టీసు దాదాపు మానుకున్నారు. అనువాదాల కూలితోనే ఇల్లు గడిపారు. భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని ఊరి తరువాత ఊరు మారారు.

1790లో స్కాట్లండు వైద్యుడు కల్లెన్ రాసిన ఔషధ గ్రంథాన్ని అనువదిస్తున్నారు. సింకోనా బెరడు చలిజ్వరాన్ని ఎందుకు తగ్గిస్తుందో కల్లెన్ చెప్పిన కారణం ఆయనకు నచ్చలేదు. జ్వరం లేకుండానే ఆ బెరడు తిని చూశారు. చలిజ్వరం లక్షణాలే తనకు వచ్చినట్లు అనిపించింది. ఆరోగ్యవంతుడికి ఏ లక్షణాలు తెప్పిస్తుందో, రోగిలో ఆ లక్షణాలనే ఆ మందు పోగొడుతుందన్న సూత్రం అక్కడ మొలకెత్తింది. 1796లో దానిపై వ్యాసం రాశారు. 1810లో ఆర్గనాన్ గ్రంథం వెలువడింది. చలిజ్వరానికి కారణమైన క్రిమిని లావెరాన్ కనిపెట్టింది 1880లో. సింకోనాలోని క్వినైన్ ఆ క్రిమిని చంపుతుందన్న సంగతి తెలిసే అవకాశం హానిమన్ కాలంలో ఎవరికీ లేదు.

1812 నుంచి లీప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. శిష్యులు తమ ఒంటిమీదే మందులు ప్రయోగించుకుని, కలిగిన మార్పులను రాసి ఇచ్చేవారు. అయితే డాక్టరే సొంతంగా మందు కలిపి ఇవ్వడం మందుల వర్తకులకు కంటగింపయింది. వారు ఫిర్యాదు చేయగా అధికారులు ఆంక్షలు పెట్టారు. నెపోలియన్‌ను లీప్‌జిగ్ యుద్ధంలో ఓడించిన సేనాని ష్వార్జెన్‌బర్గ్ ఆయన వద్ద వైద్యానికి వచ్చి 1820లో మరణించడం విరోధులకు మరో ఆయుధమైంది. 1821లో కోథెన్ ప్రభువు ఫెర్డినాండ్ పిలిచి, సొంతంగా మందులు ఇచ్చుకునేందుకు అనుమతించారు. అరవై ఆరేళ్ల వయసులో మళ్లీ మూట కట్టవలసి వచ్చింది.

సోరా సిద్ధాంతం

చర్మం గురించి హానిమన్ గట్టిగా ఆలోచించింది కోథెన్‌లోనే. మందు ఇస్తే తగ్గిన జబ్బు కొన్నాళ్లకు మళ్లీ తిరగబెట్టడం ఆయనను వేధించింది. రోగుల పాత చరిత్ర తవ్వితే, చాలామందికి ఎప్పుడో గజ్జి వచ్చి పూతమందుతో మాన్పించినట్లు తేలిందట. 1828లో ప్రచురించిన దీర్ఘవ్యాధుల గ్రంథంలో ఈ లోపలి దోషానికి సోరా అని పేరు పెట్టారు. దీర్ఘవ్యాధుల్లో ఎనిమిదింట ఏడు వంతులు దీనివల్లే వస్తాయన్నారు. చర్మంపై కనిపించేది గుర్తు మాత్రమేననీ, పైపూతతో దానిని అణిచేస్తే జబ్బు లోపలికి తిరుగుతుందనీ వాదించారు. గజ్జికి మందు రాస్తే అది లోపలికి పోతుందని మన ఊళ్లలో పెద్దలు నేటికీ అంటుంటారు.

గ్రాఫైటిస్ చేరినది ఈ గ్రంథంలోనే. వెనిస్‌లో అద్దాల కార్ఖానా కూలీలు చర్మవ్యాధికి నల్లసీసం రుద్దుకోవడం వైన్‌హోల్డ్ అనే వైద్యుడు చూసి వచ్చాడు. కూలీల చిట్కా హానిమన్‌కు దారి చూపింది. నల్లసీసాన్ని పాలచక్కెరతో కలిపి పింగాణీ కల్వంలో గంటల తరబడి నూరించారు. ఒక పాలు మందుకు తొంభై తొమ్మిది పాళ్లు చక్కెర. అందులోనుంచి ఒక పాలు తీసి మళ్లీ అంతే. పింగాణీ మీద బొమ్మలు వేసిన ఇంట పుట్టినవాడి మందులు పింగాణీ కల్వంలోనే తయారయ్యాయి.

ఉబ్బిన మచ్చలకు మందుగా గ్రాఫైటిస్ పేరు స్థిరపడింది తరువాతి హోమియో వైద్యుల చేతుల్లో. ఇసుక రాతి నుంచి తీసే సిలీషియా కూడా హానిమన్ చేర్చినదే. ఫ్లోరిక్ ఆసిడ్, ఆవనూనె సంబంధమైన థయోసినమైన్ ఆ తరువాత వచ్చి చేరాయి. ఈ థయోసినమైన్‌ను మచ్చలపై మొదట వాడి చూసింది హోమియో వైద్యులు కారు, 1890ల నాటి వియన్నా చర్మవైద్యులు.

పారిస్‌లో మరో చూపు

హానిమన్ సిద్ధాంతం రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఆలిబెర్ అనే వైద్యుడు చర్మాన్ని మరో విధంగా చదువుతున్నాడు. గాయం హద్దు దాటి ఎండ్రకాయ కాళ్లలా పక్కలకు పాకే మచ్చను 1806లో వర్ణించాడు. ఆ తరువాత ఎండ్రకాయ గిట్టకు గ్రీకులో ఉన్న మాటను బట్టి దానికి కీలాయిడ్ అన్న పేరు స్థిరపరిచాడు. 1834లో అదే ఆసుపత్రిలో కోర్సికా నుంచి వచ్చిన విద్యార్థి రెనూచీ, తన ఊరి పేద స్త్రీలు చేసే విధంగా సూదిమొనతో గజ్జి పురుగును బయటికి తీసి అందరికీ చూపించాడు. గజ్జికి కారణం ఒంటి లోపలి దోషం కాదు, చర్మంలో తొలుచుకునే పురుగని తేలిపోయింది.

మరుసటి ఏడాదే హానిమన్ అదే నగరంలో కాపురం పెట్టారు. మొదటి భార్య 1830లో మరణించింది. మెలానీ అనే ఫ్రెంచి యువతి 1834లో మగదుస్తుల్లో కోథెన్ వచ్చి ఆయన వద్ద వైద్యం చేయించుకుంది. 1835 జనవరిలో వారికి పెళ్లయింది. ఆయనకు 79, ఆమెకు 34. ఊరంతా నవ్విపోయింది. పారిస్‌లో మాత్రం వారి ఇంటి ముందు బండ్లు బారులు తీరాయి. వయొలిన్ విద్వాంసుడు పగనీని కూడా రోగిగా వచ్చాడు. గజ్జి పురుగు బయటపడినా సోరా సిద్ధాంతాన్ని హానిమన్ వదలలేదు. 1842లో ముగించిన ఆర్గనాన్ ఆరో కూర్పులోనూ అది అలాగే ఉంది. నెత్తురు తీసే వైద్యాన్ని ఎదిరించిన మొండితనమే ఇక్కడ కూడా పనిచేసిందనాలి. ఒకచోట మేలైంది, మరోచోట కాలేదు.

ఆయన చూపు పూర్తిగా గురి తప్పిందని కూడా అనలేము. ఒకే విధమైన గాయం ఇద్దరికి తగిలితే ఒకరికి కీలాయిడ్ వస్తుంది, మరొకరికి రాదు. వంశంలో ఉన్నవారికి, నల్లని చర్మం వారికి ఎక్కువగా వస్తుంది. గాయం మానేటప్పుడు కొల్లాజన్ అనే పీచు పదార్థం మితిమీరి తయారు కావడమే కారణమని నేటి వైద్యం చెబుతోంది. చెవి తమ్మె, రొమ్ము, భుజం, బి.సి.జి. టీకా వేసినచోటు దానికి అనువైన తావులు.

అయితే ఉబ్బిన మచ్చలన్నీ కీలాయిడ్లు కావు. గాయం హద్దులోనే ఉబ్బి ఉండే మచ్చ చాలాసార్లు ఏడాది రెండేళ్లలో తనంతట తానే అణుగుతుంది. ఆ సమయంలో మాత్రలు వాడినవారు మాత్రలవల్లే తగ్గిందనుకోవడంలో వింత లేదు. హద్దు దాటి పాకే కీలాయిడ్ సంగతి వేరు. దానికి గ్రాఫైటిస్ పనిచేస్తుందని రుజువు చేసిన పరీక్ష లేదు. పన్నెండో పొటెన్సీ దాటిన మాత్రలో నల్లసీసం అణువు ఒక్కటైనా మిగలడం అరుదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి 2015లో హోమియోపతిపై జరిగిన పరిశోధనలను పరిశీలించి, ఏ జబ్బుకూ అది పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం కనిపించలేదని తేల్చింది. మచ్చలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లు, సిలికాన్ పట్టీ, చలితో గడ్డకట్టించడం, కోసిన వెంటనే రేడియేషన్ ఇవ్వడం నేడు చర్మవైద్యులు చేస్తున్న చికిత్సలు. వీటిలోనూ తిరిగి రాదని హామీ ఇచ్చేది లేదు. కోసి ఊరుకుంటే సగానికి సగంపైనే మళ్లీ వస్తుంది కనుక జనం భయం ఉత్త భయం కాదు. మచ్చ పెరుగుతున్నా నెలల తరబడి మాత్రలతో కాలం గడిపితే, చిన్నగా ఉన్నప్పుడు లొంగేది పెద్దదై మొండికేస్తుంది.

హానిమన్ పద్ధతికి ఆంధ్రదేశంలో లోతైన వేళ్లే ఉన్నాయి. గుడివాడలో 1945లోనే హోమియో కళాశాల వెలిసింది. రాజమండ్రి కళాశాలకు హాస్యనటుడు అల్లు రామలింగయ్య పేరు పెట్టారు. ఆయన స్వయంగా హోమియో వైద్యుడు. మందు ఇచ్చేముందు రోగి కథంతా తీరికగా వినే అలవాటు ఈ వైద్యానికి హానిమన్ నేర్పినది. మచ్చ సిగ్గుతో చెవి మీదికి జుట్టు దువ్వుకుని తిరిగే ఆడపిల్లకు, అలా వినేవారు దొరకడం చిన్న సంగతి కాదు.

హానిమన్ 1843 జూలై 2న పారిస్‌లో కన్నుమూశారు. మెలానీ భౌతికకాయాన్ని తొమ్మిది రోజులు ఇంట్లోనే ఉంచి, ఎవరికీ చాటకుండా మోంమార్ట్ శ్మశానంలో ఖననం చేయించింది. 1898లో అస్థికలను పేర్ లాషేజ్ శ్మశానానికి తరలించారు. ఆర్గనాన్ ఆరో కూర్పు 1921లో గాని అచ్చుకాలేదు. రోజూ వచ్చిన రోగుల వివరాలను ఆయన స్వదస్తూరీతో రాసుకున్న యాభైకి పైగా పుస్తకాలు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వైద్యచరిత్ర సంస్థలో భద్రంగా ఉన్నాయి.