చక్రాల కుర్చీలోంచే బతుకుదారి చూపిన డాక్టరమ్మ

వేలూరు: చెట్టు మీద నుంచి పడి వెన్నుపూస విరిగిన కుర్రాడికి ఆసుపత్రిలో ప్రాణం నిలుస్తుంది. మరి ఆ తర్వాత? ఇంటికెళ్లాక మంచం దిగేదెలా, స్నానం చేసేదెలా, నాలుగు రూపాయలు సంపాదించేదెలా? వీటికి జవాబుగా వేలూరు శివారు బాగాయంలో ఓ కేంద్రాన్ని నిలబెట్టారు డాక్టర్ మేరీ వర్గీస్. ఆమె కూడా నడవలేరు.

కొచ్చి దగ్గరి చెరాయిలో 1925లో పుట్టిన మేరీ, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ(సీఎంసీ)లో డాక్టరు చదువు చదివారు. స్త్రీల వైద్యంలో స్థిరపడాలనుకున్నారు. 1954 జనవరి 30న తోటి డాక్టర్లతో విహారానికి వెళ్తుండగా వాహనం బోల్తాపడింది. ముఖానికి గాయాలయ్యాయి. నడుము కింది భాగం చచ్చుబడింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్లయినా నిండలేదు.

డాక్టరు వృత్తి ఇక ముగిసినట్టేనని ఆమె కుంగిపోయిన వేళ, కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసే డాక్టర్ పాల్ బ్రాండ్ దారి చూపారు. చేతి ఆపరేషన్ కూర్చుని కూడా చేయొచ్చు. కాళ్లు పనిచేయకపోయినా మేరీ చేతులు బాగానే ఉన్నాయి కదా! అలా చక్రాల కుర్చీలోనే ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లి, వంకరపోయిన వేళ్లను సరిచేయడం మొదలుపెట్టారు.

వేళ్లు బాగయినంత మాత్రాన బతుకు బాగుపడదని వేలూరులో అప్పటికే తేలింది. ఊళ్లో ఎవరూ పని ఇవ్వని కుష్ఠు బాధిత యువకులు అక్కడే ఉండి పని నేర్చుకునేందుకు పాల్ బ్రాండ్ ముందే న్యూ లైఫ్ సెంటర్ పెట్టారు. మేరీ ఆ బాటలోనే మరింత ముందుకెళ్లారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తాను చికిత్స పొంది, న్యూయార్క్‌లో పునరావాస వైద్యం చదివి వచ్చారు. 1963లో సీఎంసీలో ఆ విభాగం పగ్గాలు చేపట్టారు.

1966లో బాగాయం కేంద్రం మొదలైంది. రోగులను ఉంచుకుని పునరావాసం కల్పించే కేంద్రాల్లో దేశంలో ఇదే మొదటిదని చెబుతారు. ఇక్కడ రోగి పక్కన ఇంటిమనిషి కూడా ఉండాలి. పుండ్లు పడకుండా ఒళ్లు ఎలా తిప్పాలో, మూత్రం సంగతి ఎలా చూసుకోవాలో ఇద్దరూ నేర్చుకుంటారు. మంచం మీంచి కుర్చీలోకి సొంతంగా మారడం, చేతనైన పని నేర్చుకోవడం కూడా చికిత్సలో భాగమే. ఇంటికెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి కలుసుకునేందుకు ఏటా రిహాబ్ మేళా పెట్టడం ఇక్కడి ఆనవాయితీ.

1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. 1986 డిసెంబరులో కన్నుమూశారు. ప్రమాదం తర్వాత 32 ఏళ్లు చక్రాల కుర్చీలోనే గడిపారు. బాగాయం కేంద్రానికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

చిత్తూరు, తిరుపతి వైపు నుంచి కాట్పాడిలో రైలు దిగి పెద్దాసుపత్రికి వచ్చే మనవాళ్లకు కొదవలేదు. గుడియాత్తం, వేలూరుల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. నడుము విరిగిన బిడ్డను డిశ్చార్జి చీటీతో ఇంటికి తీసుకెళ్లి, ఇక ఇంతే రాత అని మంచాన వదిలేసే ముందు వాళ్లంతా తెలుసుకోవాల్సిన కథ మేరీ వర్గీస్‌ది. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య మరో మజిలీ ఉందని ఆమె ఆనాడే చూపించారు.