వృక్షమునకు పునర్జన్మ మొసంగిన దంపతులు

గోల్కొండ యనగానే తెలుగువారికి కోటయు, వజ్రములును స్ఫురించుట సహజము. పుదుచ్చేరిలో మరియొక గోల్కొండ కలదు. అది శ్రీ అరవిందాశ్రమమున సాధకుల నివాసమునకై కట్టిన మందిరము. హైదరాబాదు సంస్థానపు దివాను సర్ అక్బరు హైదరీ ద్వారా నైజాము ప్రభుత్వమునుండి దానికి విరాళము లభించెను. ఆ కృతజ్ఞతకు గుర్తుగనే దాని కాపేరు వచ్చినది. మనదేశమున కాంక్రీటుతో నిర్మితమైన తొలి ఆధునిక భవనములలో నది యొకటి. దానికై పాటుపడినవారిలో ముఖ్యుడు జార్జి నాకషీమా.

నాకషీమా 1905వ సంవత్సరమున అమెరికాలోని స్పొకేన్ నగరమున, జపానునుండి వలసవచ్చిన కుటుంబమున జన్మించెను. విశ్వవిద్యాలయమున మొదట వనశాస్త్రమును, పిదప వాస్తువిద్యను అభ్యసించెను. పారిసున కొంతకాల ముండి, టోకియో చేరి, ఆంటోనిన్ రేమండ్ అను వాస్తుశిల్పికడ పనిచేసెను. గోల్కొండ మందిరమునకు రూపకల్పన చేసినవా డీ రేమండే. ఆయన పక్షమున పుదుచ్చేరికి వచ్చిన నాకషీమా, పనిని పర్యవేక్షించుటతో తృప్తిపడక, ఆశ్రమవాసి యయ్యెను. శ్రీ అరవిందు లాయనకు సుందరానందు డను నామ మొసంగిరి.

1939లో నాకషీమా పుదుచ్చేరి విడిచెను. జపానున మేరియన్ ఒకాజిమాతో పరిచయము కలిగి, 1941లో అమెరికాలో ఆమెను వివాహమాడెను. ఆనాటి కట్టడములలో పనితనము కొరవడుట చూచి ఆయన మనస్సు విరిగెను. ఆదినుండి అంతమువరకు తన చేతిమీదుగా సాగు పని కావలెనని వడ్రంగమును చేపట్టెను.

ఇంతలో జపాను యుద్ధము వచ్చెను. 1942లో అమెరికా ప్రభుత్వము జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని నిర్బంధ శిబిరములకు తరలించెను. వారిలో అధికసంఖ్యాకులు ఆ దేశమున పుట్టిన పౌరులే. నాకషీమా దంపతులును పసికందు మీరాతో ఐడహో రాష్ట్రపు ఎడారిలోని మినిడోకా శిబిరము చేరవలసివచ్చెను. అచ్చట జపాను సంప్రదాయమున ఆరితేరిన గెంటారో హికొగావా అను వృద్ధ వడ్రంగి తటస్థపడెను. పట్టభద్రుడైన నాకషీమా ఆయనకు శిష్యుడై, పారవేసిన చెక్కలతోను, ఎడారి పొదల కర్రలతోను పనిచేయుచు, రంపమును, చిత్రికను, ఉలిని పట్టు మర్మము నేర్చుకొనెను.

1943లో రేమండ్ పూచీపడి వారిని విడిపించి, పెన్సిల్వేనియాలోని న్యూహోపు కడనున్న తన పొలమునకు రప్పించెను. అచ్చట నాకషీమా తొలుత కోళ్లను సాకెను. పిమ్మట ఆ ప్రాంతముననే కొంత నేల సంపాదించి, కర్మశాలయు, ఇల్లును తన చేతులతో కట్టుకొనెను. ఆయన కొయ్యపని చూచుకొనగా, మేరియన్ లెక్కలును, వ్యాపార వ్యవహారములును నిర్వహించెను. ఆమె నేర్పు లేకున్న ఆ కర్మశాల నిలువజాలకుండెడిది.

కర్మాగారములు ముడులున్న పలకలను, పగిలిన పలకలను త్రోసిపుచ్చును. నాకషీమా వానినే కోరి తెచ్చెడివాడు. పగులును కప్పిపుచ్చక, దానికడ్డముగా సీతాకోకచిలుక యాకృతిగల చెక్కముక్కను పొదిగి బిగించెడివాడు. చెట్టు సహజముగ పెరిగిన వంపును బల్ల అంచున అటులే నిలిపెడివాడు. కూలిన వృక్షమునకు రెండవ జన్మ మొసంగుటయే తన వృత్తి యని ఆయన విశ్వాసము.

1964లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థకు వచ్చి, అచ్చట తయారగుటకు వీలుగా కుర్చీలు, బల్లలు రూపొందించెను. ఒకప్పుడు ఆయనను నిర్బంధించిన దేశమే పిదప ఆయన పనితనమును గౌరవించెను. ఆయన మనస్సున మాత్రము పగకు చోటు లేకుండెను. మహావృక్షపు దుంగనుండి శాంతివేదికలు చేసి ఖండఖండమున నెలకొల్పవలెనని సంకల్పించి, మొదటిదానిని 1986లో న్యూయార్కులోని సెయింట్ జాన్ దేవాలయమున ప్రతిష్ఠించెను.

నాకషీమా 1990లోను, మేరియన్ 2004లోను దివంగతులైరి. కుమార్తె మీరా తండ్రి పనిని కొనసాగించెను. ఆయన గతించిన ఆరేండ్లకు, 1996లో, మరియొక శాంతివేదిక పుదుచ్చేరి చెంతనున్న ఆరోవిల్లు చేరెను. సుందరానందుడు యౌవనమున సాధన సాగించిన సీమకు ఆయన సంకల్పము ఈ విధముగా మరలివచ్చినది.