బలశాలిని శాండ్వీనా

కాథరీనా బ్రుంబాఖ్ 1884లో వియన్నా ప్రాంతాన ఒక సర్కసు కుటుంబంలో జన్మించింది. తల్లిదండ్రులిద్దరూ దృఢకాయులు, బలప్రదర్శనలే వారి వృత్తి. ఆ విద్య బాల్యంలోనే ఆమెకు అబ్బింది. ఆమెను మల్లయుద్ధంలో ఓడించినవారికి బహుమానమిత్తునని తండ్రి చాటించేవాడు. అట్లు బరిలోనికి దిగి ఓడిపోయిన మాక్స్ హైమన్ అను యువకుడే పిమ్మట ఆమెకు భర్త అయినాడు! జగజ్జెట్టి శాండో పేరును అనుసరించి శాండ్వీనా అయిన ఆమె, ఆ భర్తనే ఒంటిచేతితో తలపైకెత్తి నిలుపుతుంటే ప్రేక్షకులు నివ్వెరపోయేవారు.

బరువులెత్తు స్త్రీ దేహం మొరటువారి పురుషాకృతి దాల్చునన్న భయం నాడు ప్రబలంగా ఉండేది. 1911లో ఆమె బార్నమ్ అండ్ బెయిలీ సర్కసుతో న్యూయార్కులో ప్రదర్శనలిచ్చినప్పుడు, పత్రికలవారు బలాన్ని చూడబోయి అందాన్ని వర్ణించి వచ్చారు. వారి ఆశ్చర్యంలోనే ఆ భయం దాగియున్నది. నిజానికి దాదాపు ఆరడుగుల ఆ విగ్రహం కన్నవారిచ్చినదే గాని ఇనుపగుండ్లు ఇచ్చినది కాదు. కండలను పెంచు టెస్టోస్టెరోన్ అను హార్మోను స్త్రీలలో స్వల్పం గనుక, బరువులెత్తినంత మాత్రాన వారి దేహం స్థూలం కాదని నేటి శాస్త్రం చెబుతున్నది.

1912లో సర్కసు స్త్రీలు ఓటుహక్కు కొరకు సంఘం స్థాపించగా ఆమె దానికి ఉపాధ్యక్షురాలయింది. ఇద్దరు కుమారులకు తల్లి అయిన పిమ్మట కూడ బరువులను విడువలేదు. 1952లో మరణించుటకు ముందు, భర్తతో న్యూయార్కులో భోజనశాల నడుపుతూ, వచ్చినవారి వినోదార్థం ఇనుపకడ్డీలను వంచి చూపేది.