కైలాస మార్గదర్శి స్వామి ప్రణవానంద

మన రాజపాళయము చెంతనున్న సంజీవి కొండను చూడని బాలుడు మన పాఠశాలలో లేడు. హనుమంతుడు హిమాలయమునుండి తెచ్చిన ఓషధీపర్వతములోని ఒక తునక జారి ఇచ్చట పడినదని పెద్దలు చెప్పుదురు. అది పురాణగాథ. ఒక తెలుగువాడు ఆ హిమాలయమును దాటి, ఆవలనున్న కైలాస మానససరోవరములను పలుమారులు దర్శించి, వెనుక వచ్చువారికై దారి నంతయు లెక్కవేసి యుంచుట మాత్రము చరిత్ర. ఆయనయే స్వామి ప్రణవానంద. ఆ మహనీయుని జీవితమును మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును సంగ్రహముగా తెలుపవలెనని మేము సంకల్పించితిమి.

స్వామివారి పూర్వాశ్రమనామము కనకదండి వేంకట సోమయాజులు. వారు 1896వ సంవత్సరమున గోదావరి మండలమున జన్మించిరి. లాహోరు నగరమునందలి డి.ఏ.వి. కళాశాలలో చదివి, అచ్చటనే రైల్వే లెక్కల కార్యాలయమున ఉద్యోగమున ప్రవేశించిరి. 1920లో గాంధీమహాత్ముడు సహాయనిరాకరణమునకు పిలుపునీయగా, నెలజీతమును వదలుకొని, గోదావరి ప్రాంతమున 1926 వరకు కాంగ్రెసు సేవకులై పనిచేసిరి. పిమ్మట వారి మనస్సు హిమాలయములవైపు మరలెను.

వారికి గురువు స్వామి జ్ఞానానంద. ఈ గురువుగారి పూర్వనామము భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. భీమవరము ప్రాంతమునందలి గొరగనమూడి వారి స్వగ్రామము. యోగసాధన చేసిన ఆయనయే తరువాత ఐరోపాలో భౌతికశాస్త్రము నభ్యసించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున అణుభౌతిక పరిశోధనకు పునాది వేసిరి. గురువు శాస్త్రజ్ఞుడు; శిష్యుడు లెక్కలు వ్రాసిన చేయిగలవాడు. కాషాయము ధరించినను ఆ చేయి లెక్క వ్రాయుట మానలేదు.

1928లో స్వామివారు కాశ్మీరమునుండి లడాఖు మీదుగా మొదటిసారి కైలాసమునకు వెళ్ళిరి. 1935 మొదలు పెక్కు సంవత్సరములు దాదాపు ఏటేట ఆ యాత్ర సాగెను. ఆ కాలమున అది ఎట్టి యాత్రయో నేటి బాలురు ఊహించుట కష్టము. రైలు కాఠ్‌గోదామువరకే. అచ్చటినుండి అల్మోడా చేరినపిదప కైలాసమునకు సుమారు 240 మైళ్ళు కొండదారి. ధార్చులా, గర్బ్యాంగు దాటి, 16,750 అడుగుల ఎత్తున నున్న లిపులేఖు కనుమ నెక్కి, టిబెట్టులోని తక్లాకోటకు దిగవలెను. మనము వేసవిలో చలియని చెప్పుకొను కొడైకెనాలు ఎత్తు సుమారు 7,000 అడుగులు మాత్రమే. దానికి రెండింతలకు పైబడిన ఎత్తు ఆ కనుమ.

అంత ఎత్తున గాలి పలుచన. మానససరోవరము 14,950 అడుగుల ఎత్తున నున్నది. ఆ తీరమున మనము పీల్చు ప్రతి ఊపిరిలోను సముద్రతీరమున లభించు ప్రాణవాయువులో సగముకంటె కొంచెమే ఎక్కువ యుండును. నీరు 100 డిగ్రీల వేడి చేరకమునుపే, సుమారు 85 డిగ్రీలకే తెర్లును. కావున పప్పు ఎంతసేపు పొయ్యిమీద నుంచినను ఉడకదు. అందుచేతనే ఆ దేశస్థులు వేయించిన యవలపిండిని వెన్నవేసిన తేనీటితో కలిపి తిందురు. చెట్లు లేవు గనుక జడలబఱ్ఱె పేడయు, చిన్న ముండ్లపొదలును వంటచెరకు. మంచుమీది ఎండకు కన్నులు చెడును. ఆ కాలమున మార్గమున దొంగలభయముండెను. అన్నిటికంటె ముఖ్యమైనది కాలము: జ్యేష్ఠమాసమునకు ముందు పోయినచో కనుమ తెరువదు, ఆలసించి మరలినచో మంచు కప్పివేయును. అచ్చట ఒక్క లెక్క తప్పుట ప్రాణము తప్పుటయే.

ఆడి అమావాస్యకు చతురగిరి కెక్కబోవు మనవారు ఎన్నిగంటలకు బయలుదేరవలెను, నీరెచ్చట దొరకును అని పోయివచ్చినవారి నడిగి తెలిసికొందురు. కైలాసమునకు పోవు పేదయాత్రికుడు ఎవరి నడుగవలెను? పూర్వము వెళ్ళినవారు వేసవిలో కొన్నిదినములుండి, తీర్థమాడి, మరలి వచ్చినవారు. వారు చెప్పు దూరములు ఒకరికొకరికి పొందవు. స్వామివారికి ఈ కొరత తీర్చవలెనను దీక్ష కలిగెను.

దానికై వారు ఎంచుకొన్న మార్గము అసామాన్యము. 1936-37లో మానససరోవరపు దక్షిణతీరమునందలి తుగోల్హో మఠమున ఒక సంవత్సరము నివసించిరి. సరస్సు ఎప్పుడు గడ్డకట్టునో, ఎట్లు బీటలువారి ధ్వనించునో, ఎప్పుడు కరగునో కన్నులార చూచి వ్రాసికొనిరి. సరస్సు చుట్టుకొలత 54 మైళ్ళనియు, కైలాసప్రదక్షిణము 32 మైళ్ళనియు నడచి లెక్కవేసిరి. ఆ ప్రదక్షిణములను ఇరువదిమార్లకు మించి చేసిరి. ఇతరులకు పుణ్యమైన నడక వారికి పుణ్యమును, కొలతయు రెండును అయ్యెను.

ఈ శ్రమఫలముగా 1938లో అలహాబాదునుండి యాత్రికులకు తోడుగా ఒక ఆంగ్లగ్రంథము వెలువడెను. ఏ మజిలీనుండి ఏ మజిలీకి ఎన్ని మైళ్ళు, ఎచ్చట బస, ఏ దుస్తులు, ఏ మందులు, ఏ పశువులను బాడుగకు తీసికొనవలెను అను విషయములు అందు గలవు. యాత్ర కేర్పాటు చేసికొనువాడు ఇంటిలో కూర్చుండి తన దినములను, తన రూకలను లెక్కించుకొనగలిగెను.

1939లో కలకత్తా విశ్వవిద్యాలయము వారి టిబెట్టు పరిశోధనలను ప్రకటించెను. అందు సింధు, శతద్రు, బ్రహ్మపుత్ర, కర్ణాలీ నదుల పుట్టుకను గూర్చి చర్చించిరి. 1907లో ఆ ప్రాంతమున సంచరించిన స్వీడను దేశపు ప్రసిద్ధ అన్వేషకుడు స్వెన్ హెడిన్ బ్రహ్మపుత్ర కుబి హిమానీనదమున పుట్టునని నిర్ణయించియుండెను. స్వామివారు దాని నంగీకరింపక, చేమయుంగ్‌దుంగ్ హిమానీనదమును చూపిరి. నది పొడవు, నీటి పరిమాణము, మంచునుండి పుట్టుట అనువానితోపాటు స్థానికుల సంప్రదాయమునుకూడ వారు ప్రమాణముగా గ్రహించిరి. టిబెట్టువారు ఆ నాలుగునదులను అశ్వముఖము, సింహముఖము, గజముఖము, మయూరముఖములనుండి వచ్చునవిగా తమ భాషలో పేర్కొందురు. ఏ ఊటకు ఏ పేరున్నదో గొఱ్ఱెలకాపరుల నడిగి తెలిసికొని, ఆ చోటికి నడచి చూచిరి. 2011లో చైనా శాస్త్రజ్ఞులు ఉపగ్రహచిత్రముల సాయమున బ్రహ్మపుత్ర జన్మస్థానము ఆంగ్సీ హిమానీనదమని ప్రకటించిరి. శాస్త్రము ముందునకు పోవుచుండును. ఐనను చిరకాలము స్వామివారి మాట ఆ చర్చలో నిలిచెను.

1949లో వెలువడిన వారి బృహద్గ్రంథమునకు జవాహర్‌లాల్ నెహ్రూ ముందుమాట వ్రాసిరి. లండనులోని రాయల్ భౌగోళిక సంఘము వారిని సభ్యునిగా గౌరవించెను. 1962 యుద్ధముతో కైలాసమార్గము మూతపడెను. 1976లో స్వామివారికి పద్మశ్రీ లభించెను. 1981లో లిపులేఖు దారి యాత్రికులకు మరల తెరువబడెను. వారు దానిని చూచుటకు జీవించియుండి, 1989లో సిద్ధిపొందిరి. 2020లో ఆగిన యాత్ర 2025లో మరల సాగినది.

తల్లిదండ్రులకు మేము విన్నవించునది యొకటి గలదు. తమిళసీమలో తెలుగు చదివిన బిడ్డకు ప్రయోజనమేమని మీలో కొందరు సంశయింతురు. కొద్దిమంది కాపరుల నోటనున్న పేర్లను ఒక తెలుగు సన్న్యాసి చెవియొగ్గి వినినందుననే ఒక మహానది పుట్టుకను గూర్చిన విచారణ మరల సాగినది. చిన్నజనుల భాషయందును పెద్ద ఎరుక దాగియుండును. అది పలుకువారు మానినచో నశించును.

విద్యార్థులారా! మీ తాతలు, అవ్వలు మన కొండలను, వాగులను, చేలను తెలుగున ఏ పేర్లతో పిలుతురో అడిగి వ్రాసికొనుడు. ఈసారి చతురగిరికి పోవునపుడు దారిలో నీరున్న తావులను, నడచిన కాలమును లెక్కవ్రాసి, వెనుక వచ్చువారి కిండు. ప్రణవానందస్వామి పనియు ఇట్టి లెక్కతోడనే సాగినది.