కోరికను అమ్మవైపు మళ్ళించిన అర్చకుడు

కామక్రోధాదులను జయించాలని పెద్దలు చెబుతుండగా వింటూనే ఉంటాం. జయించడం ఎలాగో మాత్రం చాలామందికి అంతుపట్టదు. ఏకాదశినాడు ఉపవాసం ఉంటాం. మధ్యాహ్నం కాకముందే మనసు వంటింటి చుట్టూ ప్రదక్షిణం మొదలుపెడుతుంది. కోపం తెచ్చుకోరాదని ఉదయం దేవుని ముందు అనుకున్నవారే సాయంత్రానికి ఇంటిల్లపాది మీదా విసుక్కుంటారు. అణచినకొద్దీ పొంగే ఈ వేగాన్ని ఏం చేసుకోవాలన్న ప్రశ్న మీలో ఎన్నడైనా తలెత్తి ఉంటే, దానికి తన జీవితంతోనే సమాధానం చూపిన ఒక అర్చకుని చరిత్ర వినండి. ఆయనే శ్రీరామకృష్ణ పరమహంస.

వంగదేశంలో హుగ్లీ జిల్లా కామార్పుకూర్ గ్రామాన 1836 ఫిబ్రవరి 18న ఖుదీరామ్ చటోపాధ్యాయ, చంద్రమణీదేవి దంపతులకు ఆయన జన్మించారు. పెట్టిన పేరు గదాధరుడు. ఆరేడేళ్ళ ప్రాయంలో ఒకనాడు పొలం గట్టు వెంట మరమరాలు నములుతూ నడుస్తున్నాడు ఆ బాలుడు. ఆకాశంలో కారుమేఘం కమ్ముకువచ్చింది. ఆ నల్లదనానికి అడ్డంగా తెల్లని కొంగల బారు ఎగిరిపోయింది. ఆ అందానికి పరవశించి బాహ్యస్మృతి కోల్పోయి పడిపోయాడు, మరమరాలు నేలపాలయ్యాయి. ఒక్క సంగతి గమనించండి. ఆనాడు ఆ పసివాడు ఉపవాసంలో లేడు, జపంలో లేడు. నాలుక రుచిలో ఉంది, కన్ను అందంలో ఉంది. ఆ ఇంద్రియాల దారిలోనే మనసు ఇంద్రియాలను దాటిపోయింది.

గంగాతీరాన దక్షిణేశ్వరంలో రాణీ రాసమణి నిర్మించిన కాళికాలయంలో 1855 మే 31న ప్రతిష్ఠ జరిగింది. తొలుత అర్చకత్వం వహించిన అన్నగారు రామ్‌కుమార్ మరుసటి ఏడే కాలం చేయడంతో అమ్మవారి సేవ గదాధరునికి పూర్తిగా దక్కింది. అర్చకత్వం మా వంటివారికి వంశపారంపర్యంగా వచ్చే వృత్తి. ఆవాహన, అర్ఘ్యం, పాద్యం, నైవేద్యం, నీరాజనం అన్నీ క్రమం తప్పక సాగుతాయి. ఆ యువకునికి మాత్రం క్రమంతో తృప్తి కలగలేదు. ఈ విగ్రహంలో అమ్మ నిజంగా ఉన్నదా, ఉంటే ఎందుకు కనిపించదు అన్నదే ఆయన వేదన. సాయంసంధ్యలో గుడిగంటలు మోగితే మరొక రోజు వృథా అయిపోయిందని నేలమీద పొర్లి విలపించేవారు. చూసినవారు కడుపునొప్పితో బాధపడుతున్నాడని జాలిపడేవారట. తుదకు దర్శనం లేని బ్రతుకు వద్దని గుడిలో వేలాడుతున్న అమ్మవారి ఖడ్గాన్ని అందుకోబోయిన క్షణాన ఆయనకు జగన్మాత సాక్షాత్కారం కలిగింది.

ఆ ఆర్తి ఎక్కడి నుంచి వచ్చింది? మనలో లేని పదార్థం ఏదో ఆయనలో ఉన్నదని అనుకోకండి. లోభికి ధనం మీద, తల్లికి బిడ్డ మీద, పతివ్రతకు భర్త మీద ఉండే లాగుడు మూడూ ఒక్కటై భగవంతుని వైపు తిరిగితే దర్శనం అవుతుందని తరువాతి కాలంలో ఆయన చెబుతుండేవారు. ఆ మూడూ లోకంలో ప్రతి ఇంటా ఉన్నవే.

అయితే మళ్ళించడానికి ముందు కోరిక ముఖం చూడాలి. రామకృష్ణులు ఆ పని నిర్దాక్షిణ్యంగా చేశారు. గంగ ఒడ్డున కూర్చుని ఒక చేత రూపాయి, మరొక చేత మన్ను పట్టుకుని రెండింటి విలువనూ విచారించి, రెండింటినీ నీటిలోకి విసిరారు. మరొకప్పుడు జరీ అంగరఖా తొడుక్కోవాలని, వెండి హుక్కాతో పొగ పీల్చాలని మనసు పుట్టింది. రాణిగారి అల్లుడు మథురనాథుడు రెండూ తెప్పించి ఇచ్చాడు. ఆయన అంగరఖా ధరించి, ఇటు ఒరిగీ అటు ఒరిగీ దర్జాగా పొగ పీల్చి, నీవు కోరినది ఇదేనని మనసుకు చూపించి, వెంటనే ఆ వస్త్రాన్ని విప్పి పారవేశారు. చిన్న కోరికలను ఎరుకతో తీర్చుకుని వదలవచ్చు, పెద్దవాటిని మాత్రం విచారణతోనే విడవాలి, వాటితో చెలగాటం ప్రమాదమని ఆయన హెచ్చరించేవారు. ఈ రెండో మాటను విడిచి మొదటి మాటనే పట్టుకునేవారు కొందరుంటారు, జాగ్రత్త.

1859లో ఆయనకు చిన్నారి శారదామణితో వివాహం జరిగింది. యౌవనంలో ఆమె 1872లో కాలినడకన బయలుదేరి, దారిలో జ్వరపడి కూడా దక్షిణేశ్వరం చేరుకున్నారు. ఆయన ఆమెను దూరం పెట్టలేదు. ఒకే గదిలో నెలల తరబడి ఉంటూ తన మనసును తానే పరీక్షించుకున్నారు. ఫలహారిణీ కాళికాపూజ నాటి అమావాస్య రాత్రి ఆమెను పీఠం మీద కూర్చుండబెట్టి, షోడశీదేవిగా అర్చించి, తన జపమాలనూ సాధనాఫలాన్నీ ఆమె పాదాల వద్ద సమర్పించారు. సామాన్యునిలో కామంగా ప్రవహించేది ఆయనలో ఆ రాత్రి పూజగా ప్రవహించింది.

అందుకే యువశిష్యుడు హరినాథుడు, అనంతరం స్వామి తురీయానంద అయినవారు, కామం సమూలంగా పోయే ఉపాయం అడిగినప్పుడు రామకృష్ణుల జవాబు ఆశ్చర్యం గొలిపింది. ఎందుకు పోవాలి, దానిని భగవంతుని వైపు మళ్ళించు అన్నారు. క్రోధం, లోభం, మోహం, మదం అన్నింటికీ ఆయన చెప్పినది ఇదే చికిత్స. ఇంతవరకు దర్శనమివ్వలేదని ఆ తల్లి మీదనే కోపగించుకో, ఆమె కోసమే ఆశపడు, ఆమె బిడ్డనన్న గర్వం పెట్టుకో. ఇది ఆయన కొత్తగా కల్పించినదని భావించరాదు. ఆచరణలన్నీ భగవదర్పణం చేసినవాడు కామక్రోధాభిమానాలను సైతం ఆయన విషయంలోనే చూపాలని నారదభక్తిసూత్రాలు విధిస్తున్నాయి. గోపికలు కామంతో, కంసుడు భయంతో, శిశుపాలుడు ద్వేషంతో ఆయననే చేరారని భాగవతం సప్తమస్కంధంలో నారదుడు ధర్మరాజుకు వివరించాడు. ధర్మానికి విరుద్ధం కాని కామం తానేనని గీతలో పరమాత్మ స్వయంగా అంగీకరించాడు కదా!

ఇదే ప్రశ్న యోగీన్ అనే మరొక శిష్యుడూ అడిగాడు. ఈయనే పిమ్మట స్వామి యోగానంద. ఒక యోగి ఆత్మకథ రచించిన యోగానందులు వేరు. ఆసనమో ప్రాణాయామమో ఉపదేశిస్తారని ఆయన ఆశించాడు. గురువుగారు హరినామం జపించమన్నారు. ఇంతేనా అని యోగీన్ నిరుత్సాహపడ్డాడు, ఏమీ తెలియక చెప్పారేమోనని కూడా శంకించాడు. అయినా మాట మీద గౌరవంతో మనసుపెట్టి చేశాడు. కొద్ది రోజుల్లోనే ఫలితం కనిపించింది. సులభమైన మార్గం చెబితే మనకు నమ్మకం కుదరదు. నా వద్దకు వచ్చేవారిలోనూ పది మందిలో తొమ్మిదిమంది కఠినమైన దీక్ష ఏదైనా ఉన్నదా అనే అడుగుతారు.

సురేంద్రనాథ మిత్రా కలకత్తాలో పెద్ద ఉద్యోగం చేసే గృహస్థు. ఆయనకు మద్యపానం అలవాటు. రామకృష్ణులు మానివేయమని శాసించలేదు. త్రాగే ముందు అమ్మకు నివేదించు, తల తిరగరాదు, అడుగు తడబడరాదు అని మాత్రం నియమం పెట్టారు. నివేదన అంటే ఏమిటో మీ ఇంటి నైవేద్యం సాక్షిగా ఆలోచించండి. ఘుమఘుమలాడే పులిహోర ఎదుట ఉన్నా, దేవునికి చూపేవరకు నాలుక ఆగుతుంది. భోజనానికి ముందు ఆపోశన పట్టి, ప్రాణాహుతులు వేసేటప్పుడూ అంతే. కోరికకూ అనుభవానికీ నడుమ ఒక్క నిమేషం ఎడం ఏర్పడుతుంది. ఆ ఎడంలో ఎరుక ప్రవేశిస్తుంది. సురేంద్రుడు అలాగే చేశాడు. క్రమేణా పాత్ర చేతబట్టగానే అమ్మ కోసం కన్నీరు ఉబికేది. మత్తు మీది మమకారం సడలిపోయింది. గురువుగారి అనంతరం యువసన్యాసులు తలదాచుకున్న వరాహనగర మఠానికి అద్దె చెల్లించి ఆదుకున్నది ఈ సురేంద్రుడే. దీనిని మద్యానికి అనుమతి అనుకుంటే పొరపాటే. రోగి నాడి చూసి ఒక వైద్యుడు ఒకరికి ఇచ్చిన మందది.

నాటకకర్త, నటుడు గిరీశచంద్ర ఘోష్ విషయం మరీ చిత్రం. 1884లో ఆయన రచించిన చైతన్యలీల నాటకం చూడటానికి రామకృష్ణులు స్వయంగా స్టార్ థియేటరుకు వెళ్ళారు. తాగుడు, దురుసుతనం గిరీశునికి సహజం. ఉదయం సాయంత్రం భగవత్స్మరణ చేయమంటే మాట ఇవ్వలేనన్నాడు. భోజనానికి, నిద్రకు ముందైనా చేయమంటే అదీ కుదరదన్నాడు. అయితే నీ భారమంతా నాకు అప్పగిస్తూ వకాల్తా ఇవ్వమన్నారు. గిరీశుడు పొంగిపోయి ఇచ్చేశాడు. అప్పటినుంచి మొదలయింది అసలు సాధన. ఫలానాది నేను చేస్తాననడానికి వీల్లేదు. అడుగు వేసినా, ఊపిరి తీసినా, ఇది గురువు ఇష్టమా నా అహంకారమా అని చూసుకోవలసి వచ్చింది. రెండు పూటలు స్మరించలేనన్నవాడు అనుక్షణం స్మరించే స్థితిలో చిక్కుకున్నాడు.

మరొక విశేషం చెప్పి ముగిస్తాను. రామకృష్ణులకు మాటిమాటికీ సమాధి కలిగేది. ఆ స్థితి నుంచి మనసును దేహానికి దించుకోవడానికి ఆయన వాడుకున్నది చిన్న కోరికనే. మంచినీళ్ళు తాగుతాను, పొగ తాగుతాను అంటూ పసిబిడ్డలా గొణిగేవారు. ఆ దారం పట్టుకుని మనసు మెల్లగా కిందికి వచ్చేది. మనలను బంధించే తాడే ఆయనకు మెట్ల తాడయింది.

1885లో గొంతులో పుట్టిన పుండు క్యాన్సరుగా తేలింది. ఆ ఏడు డిసెంబరులో ఆయనను కాశీపురం తోటయింటికి చేర్చారు. జిలేబీ అంటే చిన్నపిల్లవాడిలా ఇష్టపడిన మనిషికి గుక్కెడు జావ దిగడమే గగనమయింది. నొప్పి తగ్గించమని అమ్మను వేడుకోమని నరేంద్రుడు, తక్కిన శిష్యులు పట్టుబట్టారు. వారి పోరు పడలేక అడిగారు. కాస్త తినగలిగేలా చేయమని కోరితే, అమ్మ మీ అందరినీ చూపించి, ఇన్ని నోళ్ళతో తింటూనే ఉన్నావు కదా అన్నదని, సిగ్గుతో మరి మాట్లాడలేకపోయానని చెప్పారు. 1886 ఆగస్టు 16 తెల్లవారుజామున, కాళీనామం ఉచ్చరించి ఆయన మహాసమాధి చెందారు.