సవరల మాట నేర్చిన పంతులు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినినంతనే మనకు వ్యావహారిక భాషోద్యమము జ్ఞప్తికి వచ్చును. ఆ గాథ వేరు. దానికి ఎన్నియో యేండ్లు ముందుగానే ఆయన మనస్సును ఆకర్షించిన భాష మఱియొకటి కలదు. అది సవర భాష.

రామమూర్తి 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళ ప్రాంతమందలి పర్వతాలపేటలో జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. 1880లో ఆయన పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా కుదిరెను. ఆ పట్టణమునకు చేరువనున్న కొండలలో సవరలు నివసింతురు. వారి మాట పట్టణమునందలి తెలుగువారికి గాని, ఒరియావారికి గాని తెలియకుండెను. సరకు అమ్ముకొనుటకైనను, కచ్చేరిలో మొర పెట్టుకొనుటకైనను వారికి దుబాసీయే దిక్కు. దుబాసీ చెప్పినదే వారి మాట! వారి భాషను తాను నేర్చి, ఆ భాషలోనే వారికి చదువు చెప్పవలెనని రామమూర్తి సంకల్పించెను.

ఎట్లు నేర్చుట? ఆ భాషకు నాడు స్వంత లిపి లేదు. కావున సవరయు తెలుగును ఎఱిగిన యొకనిని ఆయన తన యింటనే నిలుపుకొని, అతనితో మాటాడుచు నేర్చెను. ఇంటనుండు మనిషితో మాటాడుటకు వేళ యేమి? తెలుగునుబట్టి ఊహించిన అబ్బెడు భాష కాదది. ముండా కుటుంబమునకు చెందినది. లెక్కింపునే చూడుడు. సవరలు పండ్రెండు వఱకు లెక్కించి, పదుమూడును పండ్రెండు-ఒకటి యందురు. పందొమ్మిది పండ్రెండు-ఏడు. ఆపైన ఇరువది. ముప్పదిరెండు ఇరువది-పండ్రెండు! కొన్ని అచ్చులను పలుకునప్పుడు గొంతు చటుక్కున బిగిసికొనును. అట్టి ధ్వనులను చెవితో పట్టవలసినదే.

ఇంట నేర్చిన మాట కొండమీద నిలుచునో లేదో చూడవలెను గదా! రామమూర్తి అడవులు గడచి సవర పల్లెలలో తిరిగెను. అచ్చటి చలిజ్వరము ఆయనను పట్టుకొనెను. దానికై సేవించిన క్వినైనువలన చెవుడు వచ్చి జీవితాంతము నిలిచిపోయెను. చెవిని నమ్ముకొని భాష నేర్చువానికి ఇంతకంటె నష్టమేమి గలదు?

ఐనను ఆయన విడువలేదు. సవర భాషలో పుస్తకములు వ్రాసెను. స్వంత ధనముతో సవర బాలురకు బడి నడిపెను. 1911లో మద్రాసు ప్రభుత్వము పారితోషిక మీయబోగా, తనకు వలదనియు, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడనియు కోరెను. కుమారుడు సీతాపతియు ఆ భాషను నేర్చి తండ్రికి తోడయ్యెను.

ఆయన రచించిన సవర వ్యాకరణమును ప్రభుత్వము 1931లో ప్రకటించెను. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, అర్ధశతాబ్దికి మించి కాపురమున్న ఊరు విడిచి, ఆ వృద్ధుడు రాజమహేంద్రవరము చేరెను. కొండలు దూరమయ్యెను. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయినది. పంతులుగారు 1940 జనవరి 22వ తేదీన పరమపదించిరి.